హేచరీలో నెట్‌వర్కు చూసే షాహీనా

అల్లూరు నుంచి ఇసకపల్లి వైపు పోయే రోడ్డులో వరి మళ్ళు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యే చోట గాలి వాసన మారిపోతుంది. ఆ వాసన తగిలిందంటే హేచరీ ఇక దగ్గర్లోనే ఉందని షాహీనాకు తెలిసేది. రోజూ స్కూటీ మీద ఆ దారినే పోయి వచ్చే ఆమెను చూసి, రొయ్యపిల్లలకు మేత వేసే పనిలో ఉందని ఊళ్ళో చాలామంది అనుకునేవారు. "కాదు, కంప్యూటర్లు చూస్తుంది" అని ఆమె భర్త యాసీన్ చెబితే, "ఓహో, బిల్లులు కొడతాదా" అనేవారు. కాదని సరిదిద్దే ఓపిక షాహీనాకు ఎప్పుడో అయిపోయింది.

వినడానికి ఆమె పని చిన్నదే. హేచరీలో తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని కాస్త పెంచి రైతులకు అమ్ముతారు. రైతులు దాన్ని సీడు అంటారు. ఆ పిల్లలు వెంట్రుక కంటే సన్నగా ఉంటాయి. నీళ్ళలో వేడి తగ్గినా, వాటిలోకి కొట్టే గాలి కాసేపు ఆగినా చచ్చిపోతాయి. అందుకని ప్రతి ట్యాంకుకూ వేడినీ గాలినీ కనిపెట్టే పరికరాలు పెట్టి, వాటన్నిటినీ కంట్రోల్ రూములోని ఒక కంప్యూటరుకు కలిపారు. ఎక్కడన్నా తేడా వస్తే అది అలారం మోగిస్తుంది. ఆ కంప్యూటరూ, ఆఫీసులో లెక్కలు చూసే కంప్యూటర్లూ, గేటు నుంచి పంపుల షెడ్డు దాకా ఉన్న కెమెరాలూ అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఆ ముడులు ఊడకుండా చూసుకోవడం, వాటి గుండా బయటివాళ్ళు లోపలికి రాకుండా కాపలా కాయడం షాహీనా ఉద్యోగం.

అంతకు ముందు ఇదే పని ఆమె చెన్నైలో చేసింది. అల్లూరు బజార్లో చెప్పుల షాపు నడిపే ఖాదర్ మొహిద్దీన్ కూతురు షాహీనా నెల్లూరులో ఎంసీఏ చదివి, చెన్నైలో ఒక కంపెనీలో చేరింది. బ్యాంకులూ, ఆసుపత్రులూ తమ నెట్‌వర్కుల కాపలాను ఆ కంపెనీకి అప్పగించేవి. షిఫ్టుల లెక్కన కూర్చుని, తెర మీద వచ్చే హెచ్చరికలను చూస్తూ ఉండాలి. వచ్చేవాటిలో ముప్పాతిక వంతు ఉత్తవే. ఉత్తదేలే అని వదిలేసింది నిజమైందంటే మాత్రం ఎక్కడో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ ఆగిపోయేవి. అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా కళ్ళ ముందు ఆ తెరే ఆడేది. పెళ్ళయ్యాక, యాసీన్ బ్యాటరీల షాపు అల్లూరులోనే కాబట్టి, ఆమె కూడా ఊరికి వచ్చేసింది. రొయ్యల కంపెనీ మీద ఎవడు వచ్చి పడతాడులే, ఇక్కడైనా కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అనుకుంది.

హేచరీలో అడుగుపెట్టిన కొత్తలోనే ఆ ఆశ పోయింది. ఆఫీసులో అందరిదీ ఒకటే పాస్‌వర్డు. అది ఓనరు రంగనాయకులు గారి మనవరాలి పేరు. కంట్రోల్ రూములో కొత్తగా చేరేవాళ్ళకు తెలియడానికి దాన్ని స్విచ్చి బోర్డు మీద మార్కరుతో రాసి ఉంచారు కూడా. షాహీనా స్పిరిట్ తెచ్చి తుడిచింది. మర్నాటికి ఎవరో మళ్ళీ రాశారు.

అవి చిన్న విషయాలు. పెద్దది మేనేజరు సంజీవరావుది. ఆయన రంగనాయకులు గారి బావమరిది. కాపురం నెల్లూరులో. ఇంట్లో కూర్చునే హేచరీ కంప్యూటరు చూసుకోవాలని ఆయన కోరిక. షాహీనా దానికి ఒక దారి పెట్టింది. ముందు ఒక పాస్‌వర్డు, ఆ తర్వాత ఫోనుకు వచ్చే అంకెలు. ఆయనకు ఆ అంకెలతో విసుగొచ్చింది. "నా ఆఫీసులోకి నేను పోయేదానికి నన్నే ఎవరు నువ్వని అడగతావేందమ్మా?" అని, కెమెరాలు బిగించే కాంట్రాక్టరును పిలిపించి, నేరుగా లోపలికి వచ్చే దారి ఒకటి తెరిపించుకున్నాడు. ఇంటర్నెట్టు ఉన్న ఎవరికైనా ఆ తలుపు కనిపిస్తుంది. తాళం అంటారా, అదే మనవరాలి పేరు.

షాహీనా దాన్ని మూసేసింది. ఆయన మళ్ళీ తెరిపించాడు. ఆమె మళ్ళీ మూసి, ఓనరుతో చెప్పింది. రంగనాయకులు మంచి మనిషే. పనివాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళయినా చావయినా ముందుండేవాడు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, "నువ్వు చెప్పేది నిజమేనమ్మా. అయితే ఆయన సంగతి నీకు తెలుసు కదా. ఇంట్లో నాకు మా ఆవిడతో మాట పడతాది. కొంచెం సర్దుకో" అన్నాడు. ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి షాహీనా ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి, చెప్పులు విప్పి, గడప దగ్గరే చాలాసేపు కూర్చుంది.

"ఏందట్టా కూర్చున్నావు?" అన్నాడు యాసీన్.

"ఏం లేదు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది" అంది.

*

చేపలవాళ్ళు సముద్రం మీదికి పోని రోజుల్లో, వేట నిషేధం ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం గేటు దగ్గర నుంచి వాచ్‌మన్ ఫోను చేశాడు. కోవూరు నుంచి ఎవరో వచ్చారు, కంప్యూటర్లు చూసే మేడమ్‌తోనే మాట్లాడాలంటున్నారు అని.

షాహీనా పోయి చూస్తే, పాత మోటారు సైకిలు పక్కన ఇరవై అయిదేళ్ళ లోపు మనిషి నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుని ఉంది.

"నా పేరు పెంచలకృష్ణ అక్కా. కోవూరులో సెల్‌ఫోన్ రిపేరు షాపు మాది. మీరేమీ అనుకోకపోతే ఒకటి చూపిస్తా" అని ఫోను ఆమె చేతికిచ్చాడు.

తెర మీద వరసగా తొట్లు. నీలం టోపీ పెట్టుకున్న ఒకామె ఒక తొట్టి మీదికి వంగి గిన్నెతో నీళ్ళు ముంచి చూస్తోంది. ఆమె ఎలిశబెతు. రొయ్యపిల్లల సెక్షన్ చూసే సూపర్‌వైజరు. అప్పుడు, ఆ క్షణాన, లోపల జరుగుతున్నదే అది.

షాహీనా ఫోను మీంచి తల ఎత్తింది. "ఇది నీకెట్టా వచ్చింది?"

"ఎవరికైనా వస్తాదక్కా. తెరిచిపెట్టిన కెమెరాలు వెతికిపెట్టే సైట్లుండాయి. మన జిల్లావి ఏమన్నా ఉండాయేమోనని చూస్తా ఉంటే ఇది కనపడింది. గోడ మీద ఊరి పేరు రాసుంటే గుర్తుపట్టినా. కెమెరా కంపెనీవాళ్ళు పెట్టిచ్చిన పాస్‌వర్డే ఉండాది, ఎవరూ మార్చలా."

"నువ్వు లోపలికి పోయి చూసినావు కదా. అది తప్పని తెలుసా?"

అతను తల దించుకున్నాడు. "తెలుసక్కా. ఫోనులో చెప్తే నమ్మరని, ఎవరో మోసగాడనుకుంటారని వచ్చినా." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "కెమెరాలే కాదు. మీ ఆఫీసు కంప్యూటరులోకి నేరుగా పోయే దారి ఒకటి బయటికి కనపడతా ఉండాది. అందులోకి మాత్రం నేను పోలా. ఒట్టు. దాన్ని మూసేయండి. నాకు కనపడిందంటే నాకంటే ముందు చెడ్డోళ్ళకి కనపడుంటాది" అన్నాడు.

చెన్నైలో ఉన్నప్పుడు ఇలాంటివాళ్ళను షాహీనా చూసింది. ఎవరూ పిలవకుండానే వచ్చి, తాళం లాగి చూసి, ఊడుతోందని చెప్పి పోయేవాళ్ళు. కొందరు దానికి ప్రతిఫలం అడిగేవారు. కొందరు ఊళ్ళో చెప్పుకుని గొప్పలు పోయేవారు. ఈ మనిషి మంచినీళ్ళు మాత్రం అడిగాడు. ఆమె లోపలికి తీసుకుపోయి నీళ్ళిచ్చి, అతని ముందే కెమెరాల పాస్‌వర్డు మార్చింది.

ఆ సంగతి సంజీవరావుకు చెప్పినప్పుడు ఆయన ముఖం ఎర్రబడింది. "ఎవడో దారిన పోయేవాడు మన తొట్లు చూస్తా ఉంటే, వాడికి నీళ్ళిచ్చి పంపినావా? వాడి పేరు, బండి నంబరు తీసుకున్నావా?" అన్నాడు. తన తలుపు సంగతి ఎత్తగానే, "మళ్ళీ మొదలుపెట్టినావా" అని లేచిపోయాడు. వాచ్‌మన్ దగ్గర పేరూ, బండి నంబరూ ఆయనే తీసుకున్నాడు.

*

వానలు పట్టిన కొత్తల్లో అది జరిగింది. పొద్దున్నే షాహీనా టిఫిన్ చేస్తుంటే ఎలిశబెతు ఫోను చేసింది.

"మేడమ్, కంప్యూటరులో ఏందో ఇంగ్లీషులో వచ్చి నిలబడిపోయింది. ఏది నొక్కినా పోవడంలా. ఇంకోటి మేడమ్... మూడో షెడ్డులో గాలి ఆగిపోయుండాది. అలారం మోగలా. మేము చూసేసరికి పిల్లలన్నీ చచ్చి కిందికి దిగిపోయినాయి."

షాహీనా వచ్చేసరికి తొట్ల అడుగున పాలు విరిగినట్టు తెల్లగా పేరుకుని ఉంది. ముందు రోజు దాకా నీళ్ళలో మెరుస్తూ కదిలిన పిల్లలు. గాలి కొట్టే బ్లోయరు మోటారు ఏదో కారణానికి ఆగింది. అది అప్పుడప్పుడూ జరిగేదే. ఆగితే అలారం మోగాలి. కానీ అలారం మోగించే కంప్యూటరుకే తాళం పడి ఉంది. తెర మీద రాసి ఉన్నది ఒకటే మాట: మీ ఫైళ్ళన్నీ మా చేతిలో ఉన్నాయి, కావాలంటే డబ్బు సంగతి ఫలానా చోట మాతో మాట్లాడండి.

బయట బోగోలు నుంచీ అల్లూరు నుంచీ సీడు కోసం వచ్చిన రైతులు వ్యాన్లు ఆపుకుని కూర్చుని ఉన్నారు. ఎవరి సీడు ఏ తొట్టిలో ఉందో చెప్పే వివరాలు కూడా ఆ తాళం వెనకే ఉండిపోయాయి. వాళ్ళకు ఏం చెప్పాలో తెలియక ఆఫీసు కుర్రాళ్ళు గేటు వైపు పోవడమే మానేశారు.

షాహీనా ముందు కేబుళ్ళన్నీ పీకేసింది. పనివాళ్ళకు థర్మామీటర్లు ఇచ్చి తొట్టి తొట్టికీ తిరిగి చూడమంది. తర్వాత ఇంటి నుంచి తన హ్యాండ్‌బ్యాగులో తెచ్చిన హార్డ్ డిస్కు తీసింది. కంపెనీ ఫైళ్ళన్నీ ఆమె వారం వారం అందులోకి ఎక్కించి, ఏ కంప్యూటరుకూ తగిలించకుండా ఇంట్లో బీరువాలో పెట్టుకునేది. అది ఆమె చెన్నైలో నేర్చుకున్న అలవాటు. దాంతో చాలావరకు తిరిగి వచ్చాయి. ఆఖరి వారానివి మాత్రం పోయాయి. ఆ దొంగలతో బేరానికి దిగే అవసరం లేకపోయింది. రంగనాయకులు ఆమె తల మీద చెయ్యి పెట్టి, "బతికించినావు తల్లీ" అన్నాడు. ఆ మాటకు ఆమెకు సంతోషం కలగలేదు. మూడో షెడ్డులో ఎలిశబెతు తొట్లు కడిగిస్తూ ముఖం తుడుచుకోవడం కిటికీలోంచి కనిపిస్తోంది.

ఆ తర్వాత షాహీనా కూర్చుని, వాళ్ళు ఏ దారిన వచ్చారో చూసింది. ఎవరు ఎప్పుడు ఎక్కడి నుంచి లోపలికి వచ్చారో, నెట్‌వర్కు వాకిట్లో కాపలా ఉండే ఫైర్‌వాల్ తనంతట తాను గుర్తుపెట్టుకుంటుంది. వచ్చింది సంజీవరావు తలుపులోంచే. ఆయన పేరుతోనే, ఆ మనవరాలి పేరు పాస్‌వర్డుతోనే. అంతకు ముందు కొన్నాళ్ళుగా ఎక్కడెక్కడి దేశాల నుంచో ఏవో యంత్రాలు ఆ తలుపు మీద పాస్‌వర్డులు వేసి చూస్తూనే ఉన్నాయి. చివరికి ఒకటి పడింది. వచ్చినవాళ్ళు తొందరపడలేదు. కొన్ని రోజులు లోపలే తిరిగి, ఏది ఎక్కడుందో అంతా చూసుకుని, అప్పుడు తాళం వేశారు. వాళ్ళకు ఇది రొయ్యల హేచరీ అని తెలుసో లేదో కూడా చెప్పలేం.

ఆ వివరాలన్నీ తీసుకుని ఆమె ఓనరు గదికి పోయేసరికి, సంజీవరావు అప్పటికే పోలీసు కంప్లయింటు రాయించేశాడు. అందులో ఒకటే పేరు ఉంది. పెంచలకృష్ణ.

*

కోవూరులో షాపు దగ్గరే అతన్ని తీసుకుపోయారు. ల్యాప్‌టాపు, ఫోన్లు, రిపేరుకు వచ్చిన వాళ్ళ ఫోన్లు కూడా పట్టుకుపోయారు. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో అతని ఫోటో తిరిగింది. హ్యాకర్ దొరికాడు అని.

మర్నాడు మధ్యాహ్నం షాహీనా ఇంటికి ఒకామె వచ్చింది. చెంగు భుజం చుట్టూ కప్పుకుంది, కాళ్ళకు అంటిన మట్టి ఆరిపోయి ఉంది. నాట్లలోంచి నేరుగా బస్సెక్కి వచ్చినట్టు తెలుస్తూనే ఉంది. షాహీనా అత్త షాజాదీ బేగం తలుపు తీసి, ముందు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

"నేను పెంచలకృష్ణ వాళ్ళమ్మను. వెంకటశేషమ్మ అంటారు" అంది ఆమె. "అల్లూరులో ఒక అక్క ఉండాది, మంచి మనిషి, నీళ్ళిచ్చింది అని చెప్పినాడమ్మా వాడు. అందుకని వెతుక్కుంటా వచ్చినా. హ్యాకరంటే ఏందమ్మా? మా వీధిలో చిన్నబిడ్డలు కూడా నన్ను చూసి అదే అంటా ఉండారు. దొంగ అంటే నాకు తెలుసు. తాగుబోతంటే తెలుసు. ఇదేందో నాకు తెలియడంలా. నా బిడ్డ ఏం చేసినాడో చెప్పు తల్లీ."

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న షాహీనాను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

"కంప్యూటరు లోపల ఎట్టా పనిచేస్తాదో తెలిసినోడమ్మా. ఎక్కడ బలంగా ఉండాదో, ఎక్కడ వదులుగా ఉండాదో కనిపెట్టేవాడు. ఆ తెలివితో దోచుకునేవాళ్ళు ఉండారు. అదే తెలివితో కాపలా కాసేవాళ్ళూ ఉండారు. నీ కొడుకు మా ఇంటి తలుపు తెరిచుంటే తొంగి చూసి, మూసుకోండని చెప్పిపోయినాడు. తొంగి చూడకూడదు. అంతవరకే వాడు చేసింది."

"మరి ఆ మాట పోలీసోళ్ళకు చెప్తావా?"

షాహీనా అవునని గానీ కాదని గానీ అనలేదు. వెంకటశేషమ్మ కూడా మళ్ళీ అడగలేదు. మజ్జిగ గ్లాసు కడిగి బోర్లించి, బస్సు టైమవుతోందని వెళ్ళిపోయింది. ఆమె పోయాక షాజాదీ బేగం, "ఆ గ్లాసు ఎందుకు కడగనిచ్చినావే" అని కోడలి మీద కసురుకుంది. ఆ కసురు గ్లాసు గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

రంగనాయకులు షాహీనాను పిలిపించాడు. గదిలో ఆయనొక్కడే ఉన్నాడు. ఆయన కూడా బాగా అలసిపోయినట్టు కనిపించాడు.

"సంజీవ దారిలోంచే వచ్చినారని నువ్వు చెప్పినావు, నేను నమ్మినా. ఆ తలుపు మూసేసినావు కూడా. అయిపోయింది కదా. ఇప్పుడు స్టేషన్లో ఈ మాట ఎత్తితే ఊరంతా పాకతాది. సీడు తీసుకునే రైతులు ఏమనుకుంటారు? మా ఇంట్లో ఏమవుతాది? ఆ అబ్బాయి మీద రుజువు లేకపోతే వాళ్ళే వదిలేస్తారు. కొంచెం గమ్మున ఉండమ్మా."

"ఎప్పుడు వదిలేస్తారు సార్?"

ఆయన టేబులు మీది కాగితాలు ఒక పక్కకు జరిపాడు.

"సార్, ఆ తలుపు మూడోసారి తెరిచినప్పుడు నేను గమ్మునే ఉన్నా" అంది షాహీనా. "అప్పుడు కూడా అలిసిపోయే ఊరుకున్నా. ఎలిశబెతు తొట్లు కడిగింది. ఈసారి నా వల్ల కాదు."

ఆయన టేబులు మీదికే చూస్తూ, "సరే పో" అన్నాడు. ఉద్యోగానికి పొమ్మన్నాడో, స్టేషనుకు పొమ్మన్నాడో అర్థం కాలేదు. షాహీనా స్టేషనుకే పోయింది. యాసీన్ షాపు మూసి వెంట వచ్చాడు.

*

సీఐ గారిది కూడా నిద్ర చాలని ముఖం. టేబులు మీద ఫైళ్ళ గుట్ట, పక్కన చల్లారిపోయిన టీ. ఫోన్లలో మోసపోయి వచ్చినవాళ్ళు వరండాలో బెంచీల నిండా కూర్చుని ఉన్నారు. షాహీనా తెచ్చిన కాగితాలు తిరగేసి, "చూడమ్మా, నాకు ఇవన్నీ తెలియవు. ఈ కంప్యూటరు కేసుల పని నాకు మొన్ననే ఇచ్చినారు. నాకు తెలిసింది ఒకటే. వాడు హ్యాకరని వాడే ఒప్పుకున్నాడు" అన్నాడు.

"హ్యాకరంటే ఒకటే రకం కాదు సార్."

"దొంగల్లో మంచి దొంగలంటావా?"

"దొంగల సంగతి కాదు సార్ నేను చెప్పేది. వరండాలో ఆ పెద్దాయన కూర్చున్నాడే, ఫోనులో తియ్యగా మాట్లాడి ఆయన్ని దోచుకున్నవాళ్ళు ఒక రకం. వాళ్ళకు కంప్యూటరు పెద్దగా రానక్కర్లేదు, మనిషి భయం తెలిస్తే చాలు. కాలేజీ పిల్లలు కొందరుంటారు. ఎవరో రాసిన ప్రోగ్రాము దించుకుని, అదేం చేస్తాదో కూడా తెలియకుండా ఎవరి మీదో వదిలి సంబరపడతారు. కోపంతో చేసేవాళ్ళుంటారు, ఉద్యోగంలోంచి తీసేస్తే పాత పాస్‌వర్డుతో వచ్చి అన్నీ చెరిపేసి పోతారు. చెన్నైలో నేను ఎక్కువ చూసింది వాళ్ళనే. బయటోడి కంటే లోపలోడితోనే భయం. దేశాల కోసం పనిచేసేవాళ్ళు వేరే. వచ్చి ఏళ్ళ తరబడి కదలకుండా వింటా కూర్చుంటారు. మా హేచరీ మీద పడినవాళ్ళు వ్యాపారస్తులు సార్. వాళ్ళకూ ఆఫీసులుంటాయి, షిఫ్టులుంటాయి. యంత్రాలతో ప్రపంచమంతా తలుపులు తడతారు. తెరుచుకున్నదాంట్లోకి పోతారు. మా తలుపు తెరుచుకుంది."

"మరి ఈ పిల్లోడు?"

"డబ్బిచ్చి మా గోడ గట్టిగా ఉందో లేదో కొట్టి చూడమంటే చూసేవాళ్ళున్నారు. అది న్యాయమైన ఉద్యోగం, అనుమతి కాగితం ఉంటాది. ఇతను అదే పని కాగితం లేకుండా చేసినాడు. అది తప్పే. గట్టిగా చెప్పండి, బుద్ధి చెప్పండి. కానీ ఇతను కెమెరాలు చూసినానని తనే మాకు వచ్చి చెప్పినాడు. పేరు చెప్పినాడు, బండి నంబరు గేటులో ఉంది. దోచుకోవాలనుకున్నోడు అడ్రసిచ్చి పోతాడా సార్?"

సీఐ కాస్త నవ్వాడు. కాగితాలు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. "అయితే ఆ తలుపు తీసిందెవరు?"

షాహీనా యాసీన్ వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు.

"మా మేనేజరు గారు తీయించినారు. వద్దని చెప్పినా. రెండుసార్లు మూసినా. తర్వాత నేనూ ఊరుకున్నా. అది కూడా రాసుకోండి" అంది.

ఆయన రాసుకున్నాడు. పెంచలకృష్ణను ఆ వారమే వదిలారు. కేసు మాత్రం అంత తొందరగా పోలేదు. కెమెరాల్లోకి పోయినందుకు ఒకటి మిగిలింది. హేచరీకి తాళం వేసినవాళ్ళెవరో ఇప్పటికీ తెలియదు, తెలుస్తుందని ఎవరూ అనుకోవడం లేదు.

*

షాహీనా ఉద్యోగం పోలేదు. పోయుంటే బాగుండేదని ఆమెకు కొన్నిసార్లు అనిపించింది. సంజీవరావు ఆమెతో మాట్లాడడం మానేసి, చెప్పాల్సినవన్నీ ఎలిశబెతు చేత చెప్పించేవాడు. రంగనాయకులు ఎదురుపడితే బాగున్నావా అని అడిగి, జవాబు వినకుండా పోయేవాడు. కానీ అందరికీ వేరువేరు పాస్‌వర్డులు పెట్టమన్నాడు. అలారం కంప్యూటరును మిగతా వాటి నుంచి విడదీయమన్నాడు. కావలసిన సామాను తెప్పించాడు. షాహీనా అవన్నీ చేసింది. చేస్తున్నప్పుడు ఎవరో ఒకరు వచ్చి, "మేడమ్, నా పాస్‌వర్డు మరిచిపోయినా" అనేవారు. ఆమె కోప్పడకుండా కొత్తది ఇచ్చేది. వచ్చే నెల మళ్ళీ వాళ్ళే వచ్చేవారు. ఈ పనికి అయిపోవడం అంటూ ఉండదని ఆమెకు తెలుసు. లోపలికి రావాలనుకునేవాడికి ఒక్కసారి కుదిరితే చాలు. కాపలా ఉన్నవాళ్ళకు ప్రతిసారీ కుదరాలి.

పెంచలకృష్ణ షాపుకు జనం రావడం తగ్గింది. ఫోను ఇస్తే లోపలున్నవన్నీ చూస్తాడని కోవూరులో ఒక భయం పట్టుకుంది. అతను షాపు ఖాళీ చేసి, నెల్లూరులో ఒక పెద్ద షాపులో జీతానికి చేరాడు. అక్కడ కూడా కౌంటరు దగ్గరికి కాకుండా వెనక గదిలో పని ఇచ్చారు.

పట్టుకుపోయిన ల్యాప్‌టాపును తిరిగి ఇచ్చేస్తామని కబురు వచ్చినప్పుడు, తెచ్చుకోవడానికి ఒక్కడే పోవాలంటే అతనికి భయమేసింది. షాహీనాకు ఫోను చేశాడు. ఆమె ఆ పూట సెలవు పెట్టి వచ్చింది. స్టేషన్లో సంతకాలు పెట్టించుకుని, గోనెసంచిలోంచి దాన్ని తీసి ఇచ్చారు. మూత అంచు పగిలి ఉంది. నొక్కితే వెలగలేదు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. అయినా అతను ఇంకోసారి నొక్కి చూశాడు.

బయట టీ బంకు దగ్గర ఆగారు. వాన వచ్చి వెలిసింది. లారీలు బురద చిమ్ముకుంటూ పోతున్నాయి.

"మా అమ్మ నీకు బియ్యం ఇమ్మనింది అక్కా. బండి మీద పెట్టుకొచ్చినా, కొత్త బియ్యం" అన్నాడు పెంచలకృష్ణ.

"ఎందుకురా అవి?"

"తీసుకోకపోతే నన్ను తిడతాది."

ఇద్దరూ టీ తాగారు. అతను గ్లాసు చేతిలో తిప్పుతూ, ఎటో చూస్తూ అడిగాడు. "మొన్న ఒకటి కనపడింది అక్కా. కావలి పక్కన ఏదో ఆసుపత్రిది. రోగుల పేర్లు, జబ్బులు, అన్నీ బయటికి కనపడతా ఉండాయి. నేను లోపలికి పోలా. వెతకలేదు కూడా, వేరేదేదో చూస్తా ఉంటే వచ్చింది. చూసినప్పటి నుంచి అన్నం పోవడంలా. చెప్పాలా, వద్దా?"

వద్దు అని చెప్పడం ఎంత తేలిక అనుకుంది షాహీనా. వద్దు, నువ్వు చూడలేదు, నేను వినలేదు, ఇంటికి పోదాం. అతని చేతుల్లో ఆ పగిలిన ల్యాప్‌టాపు ఉంది. ఆసుపత్రి వాళ్ళు కూడా ముందు అతని బండి నంబరే అడుగుతారు. చెన్నైలో తెర ముందు కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. తాళం పడిన ఆసుపత్రిలో ఒక డాక్టరు ఫోను చేసి, ఏ రోగికి ఏ మందు ఇస్తున్నామో మాకే తెలియడం లేదమ్మా అని అరిచిన రోజు.

"నువ్వు పోవద్దు" అంది చివరికి. "ఫోను కూడా చేయొద్దు. ఇట్టాంటివి చెప్పుకునేదానికి గవర్నమెంటు వాళ్ళది ఒక చోటుంది, అక్కడికి రాయాలి. నీ పేరుతో వద్దులే, కేసు పోయేదాకా. నేను రాస్తా. ఏం చూసినావో, ఎట్టా కనపడిందో సరిగ్గా చెప్పు."

"నీకు మళ్ళీ ఇబ్బంది అక్కా."

"ఉంటాది" అంది షాహీనా. టీ బంకు ఆయన్ను ఇంకో రెండు టీలు అడిగి, తడి లేని బెంచీ చూసి కూర్చుంది. "ఊఁ, మొదటి నుంచి చెప్పు."